మిరపకాయకి నోబెల్ రాలేదు బాబూ!

2021 అక్టోబరు 4, సోమవారం. ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తున్న రోజులు. మధ్యాహ్నం మూడు దాటింది. మ్యూట్‌లో ఒక కాల్ నడుస్తోంది, నేను యథావిధిగా ఫోన్ గెలుకుతున్నా. వైద్యంలో నోబెల్ ప్రకటించారు. డేవిడ్ జూలియస్‌కీ, ఆర్డెమ్ పటపూటియన్‌కీ. జూలియస్ తన పరిశోధనకి వాడింది మిరపకాయలో ఘాటుకి కారణమైన కాప్సైసిన్ అట.

ఇంకేముంది, గుంటూరు పక్క పుట్టినోణ్ణి కదా... రక్తం ఉప్పొంగింది. వార్తలో రెండో పేరా కూడా చదవకుండానే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడేశా: "మన గుంటూరు మిర్చికి నోబెల్!! నొప్పులకి మందు మన మిరపకాయలోనే ఉందట!!"

పెదనాన్న చప్పట్లు కొట్టాడు. డాలస్‌లో ఉన్న బావ "మన పూర్వీకులు ఎప్పుడో చెప్పారు" అన్నాడు. అత్తయ్య దణ్ణం బొమ్మ పెట్టింది. నాన్న ఏమీ రాయలేదు. చదివాడు, అంతే.

మా ఊరు పర్చూరుకీ చిలకలూరిపేటకీ మధ్య ఒక నల్లరేగడి పల్లె. మొన్నటిదాకా ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. పత్తి, మిరప తప్ప మాకు ఇంకో లోకం తెలీదు. నాన్నకి అప్పటికే పన్నెండేళ్ళుగా షుగరు. నాలుగేళ్ళుగా పాదాల మంటలు. పగలు పొలంలో ఎట్టాగో గడిచిపోయేది. రాత్రి పడుకుంటే మొదలు. తడి తువ్వాలు పాదాలకి చుట్టుకుని వసారాలో కూర్చునేవాడు. "ఏందిరా ఇది, కళ్ళంలో కాయలు తొక్కినట్టు ఒకటే మంట" అనేవాడు. విచిత్రం ఏంటంటే అదే పాదానికి తుమ్మ ముల్లు దిగినా ఆయనకి తెలిసేది కాదు. సాయంత్రం అమ్మ చూసి తీసేది.

నేను ఆ గొప్ప సందేశం పెట్టిన రెండు వారాలకి అమ్మ ఫోన్ చేసింది.

"మీ నాన్న పాదాలు బొబ్బలెక్కినయ్యిరా."

ఏం చేశాడంటే, తేజ రకం ఎండుమిరపకాయలు దంచి, నువ్వుల నూనెలో కాచి, రెండు పాదాలకీ పట్టించి, పాత పంచె గుడ్డ చుట్టుకుని పడుకున్నాడు. మామూలు మనిషైతే పావుగంటలో కేకలు పెట్టి పీకి పారేస్తాడు. ఈయనకి సగం స్పర్శ పోయింది కదా, ఉన్న మంటకీ కొత్త మంటకీ తేడా తెలీలేదు. "మందు పనిచేస్తా ఉంది" అనుకున్నాడట. తెల్లారి చూస్తే బొబ్బలు. చిటికెన వేలు పక్కనది పగిలి పుండయ్యింది. మానడానికి నాలుగు నెలలు. రెండుసార్లు ఆస్పత్రిలో చేరాడు, చచ్చిన కండ గీకారు, వేలు తీసెయ్యాల్సి వస్తుందేమో అన్నారు. అదృష్టం, వేలు మిగిలింది.

ఆస్పత్రిలో డాక్టరు కోప్పడ్డాడు. "ఎవరు చెప్పారయ్యా నీకిది?"

నాన్న ఏమాత్రం తడుముకోకుండా, కొంచెం గర్వంగా కూడా చెప్పాడు: "మా అబ్బాయి సార్. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేరు."

నేను పక్కనే ఉన్నా.

అప్పట్నుంచీ ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నా. చదివినకొద్దీ కోపం పెరుగుతోంది. ముందు నా మీద, తర్వాత మనందరి మీద. ఈ సొద అందుకే. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

మొదటి సంగతి: నోబెల్ మిరపకాయకి కాదు

అసలు మిరపకాయ మనదే కాదు. అమెరికా ఖండాల మొక్క. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన తీరానికి వచ్చింది. అంతకుముందు మనకి ఘాటంటే మిరియాలే. కాబట్టి బావ చెప్పిన ఆ "పూర్వీకులు ఎప్పుడో చెప్పారు" అన్న ముక్క అక్కడికక్కడే కొట్టుకుపోయింది.

జూలియస్ బృందం 1997లో చేసింది ఏంటంటే, నొప్పిని మోసే నరాల్లో కాప్సైసిన్ తగిలితే తెరుచుకునే ఒక ప్రోటీన్ తలుపుని, దాని జన్యువుతో సహా పట్టుకున్నారు. దాని పేరు ఇప్పుడు టీఆర్‌పీవీ1. తమాషా ఏంటంటే ఆ తలుపు దాదాపు 43 డిగ్రీల వేడి తగిలినా తెరుచుకుంటుంది. మిరపకాయ కొరికినా, వేడి టీ గుక్క పడినా మెదడుకి వెళ్ళే కబురు ఒకటే, "కాలుతోంది". మనం కారాన్ని "మంట" అంటాం చూశారా, అది ఊరికే పోలిక కాదన్నమాట.

నోబెల్ ఆ తలుపుని కనుక్కున్నందుకు. మిరపకాయ అక్కడ కేవలం తాళంచెవి. ఇంటి తాళం ఎలా పనిచేస్తుందో కనిపెట్టిన వాడికి బహుమతి ఇస్తే, తాళంచెవి మా ఊరి ఇనుముతో చేసిందని ఊరేగింపు తీస్తామా? తీస్తాం. మనం తీస్తాం :-)

ఇంకో సంగతి. తలుపు దొరికింది కదా అని మందుల కంపెనీలు ఎగబడ్డాయి. ఆ తలుపుని మూసేసే బిళ్ళలు తయారుచేశారు. ఆమ్జెన్ కంపెనీ ఏఎంజీ 517 అనే దాన్ని మనుషుల మీద పరీక్షిస్తే ఒంటి ఉష్ణోగ్రత పెరిగిపోయింది, పరీక్ష ఆపేశారు. అదే తలుపు ఒంటి వేడిని కూడా అదుపులో పెడుతోందని అప్పుడు తెలిసొచ్చింది. ఒక మాడ్యూల్‌లో బగ్ సరిచేయబోతే ఇంకో మాడ్యూల్ కూలిపోవడం మనకి కొత్తా? తలుపు దొరకడం వేరు, మందు దొరకడం వేరు.

రెండో సంగతి: మందంటే ఘాటు కాదు, తయారీ

మా నాయనమ్మ బడికి వెళ్ళలేదు. కానీ మిరపకాయలు ఏరేటప్పుడు, తొడిమలు తీసేటప్పుడు చేతులు మండితే నీళ్ళతో కడగనిచ్చేది కాదు. "నీళ్ళకి పోదురా, నూనె రాయి" అనేది. మా ఊళ్ళో కోతకొచ్చే ఆడవాళ్ళందరికీ తెలుసు ఈ సంగతి. కాప్సైసిన్ నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది.

మందు తయారీ శాస్త్రం మొత్తం ఈ ఒక్క వాక్యం దగ్గరే మొదలవుతుంది. సరుకు ఏదో తెలిస్తే చాలదు. అది దేంట్లో కరగాలి, ఎంత మోతాదు, ఎంతసేపు, చర్మంలో ఎంత లోతుకి దిగాలి, రక్తంలోకి పోకుండా ఎలా ఆపాలి, తీసేశాక ఎలా తుడవాలి... ఇవన్నీ తేలితేనే మందు.

కాప్సైసిన్ ఎక్కువ మోతాదులో చర్మానికి తగిలితే ఆ నొప్పి తలుపులు ఒక్కసారిగా తెరుచుకుని, నరం కొసల్లోకి కాల్షియం వెల్లువలా దూరి, ఆ కొసలు కొన్నాళ్ళ పాటు పనిచేయడం మానేస్తాయి. కొంచెం వెనక్కి ముడుచుకుంటాయి కూడా. మళ్ళీ మెల్లగా పెరుగుతాయి. ఈ మధ్యకాలంలో మనిషికి ఉపశమనం. 1998లో ఇద్దరు ముగ్గురు కాదు, పదిమంది రోగుల మీద ఇది ప్రయత్నించి చూశారు. 5 నుంచి 10 శాతం కాప్సైసిన్ పూత. మంట తట్టుకోలేరని ముందుగా నడుము నుంచి కిందకి మత్తిచ్చి మరీ పూశారు! పదిమందికి మత్తివ్వచ్చు. పది లక్షల మందికి ఎలా?

దానికి జవాబు వెతకడానికి దశాబ్దం పైనే పట్టింది. 2009లో అమెరికా ఎఫ్‌డీఏ ఒక పట్టీని ఆమోదించింది, పేరు క్యుటెంజా. ముందు సర్పి తగ్గాక మిగిలే నరాల నొప్పికి. షుగరు పాదాల నొప్పికి ఆమోదం దొరికింది ఇంకో పదకొండేళ్ళకి, 2020 జులైలో. అరచేయంత బిళ్ళ కాదది, 14 సెంటీమీటర్లు వెడల్పు, 20 సెంటీమీటర్లు పొడవు. అందులో 8 శాతం కాప్సైసిన్, మొత్తం 179 మిల్లీగ్రాములు. సిలికాన్ జిగురులో ఒక ద్రావకం తాలూకు సన్నటి బొట్లు, ఆ బొట్లలో కరిగిన కాప్సైసిన్. మా నాయనమ్మ నూనె స్థానంలో ఆ ద్రావకం అన్నమాట. పాదాలకైతే సరిగ్గా 30 నిమిషాలు. వేసేది ఆస్పత్రి సిబ్బందే, ప్రత్యేకమైన గ్లవుజులు తొడుక్కుని. తీశాక తుడవడానికి దానితోపాటే ఒక జెల్. మూడు నెలల లోపు మళ్ళీ వెయ్యకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, వేసేముందు పాదం మొత్తం తిప్పి చూడాలి. పుండుగానీ, పగులుగానీ ఉంటే అక్కడ వెయ్యకూడదు.

ఇప్పుడు దీని పక్కన మా నాన్న పంచె గుడ్డ పెట్టి చూడండి. 30 నిమిషాల చోట రాత్రంతా. తెలిసిన మోతాదు చోట గుప్పెడు. చూసి వేసే నర్సు చోట... నా వాట్సాప్ సందేశం.

ఒక చిన్న లెక్క

మనం ఇంజనీర్లం కదా, లెక్కేద్దాం. గుంటూరు సన్నం కాయలో కాప్సైసిన్ సుమారు 0.2 శాతం. అంటే క్వింటాలు కాయల్లో 200 గ్రాములు. పట్టీకి 179 మిల్లీగ్రాములు చొప్పున ఒక క్వింటాల్లో వెయ్యి పట్టీలకి పైగా సరిపడా ఘాటు ఉంది.

2025 మొదట్లో గుంటూరు యార్డులో ధరలు పడిపోయి రైతులు గగ్గోలు పెడితే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకి 11,781 రూపాయలు ఖరారు చేసింది. ఆ లెక్కన ఒక పట్టీకి సరిపడా ఘాటు ఖరీదు 11 రూపాయలు. అదే పట్టీ అమెరికాలో వందల డాలర్లు.

ఇక్కడికి రాగానే మనవాళ్ళలో ఒక వర్గం లేచి నిలబడుతుంది. "చూశారా దోపిడీ! మన రైతు చెమట! మనమే విలువ జోడించాలి!" నేనూ మొదట అలాగే ఊగిపోయా. తర్వాత ఆ పట్టీ తాలూకు అధికారిక సమాచార పత్రం చదివితే ఒక ముక్క కనబడింది. అందులో వాడే కాప్సైసిన్ మిరపకాయ నుంచి తీసింది కాదు. రసాయనశాలలో తయారుచేసింది!

కారణం ఊహించడం కష్టమేం కాదు. కాయనుంచి తీస్తే కాప్సైసిన్ ఒక్కటే రాదు, డైహైడ్రోకాప్సైసిన్ లాంటి దాని అన్నదమ్ములు కూడా వెంటపడి వస్తాయి. కాయ కాయకీ, చేను చేనుకీ, వాన పడిన ఏటికీ పడని ఏటికీ పాళ్ళు మారతాయి. మందుకి ప్రతి పట్టీలో ఒకటే సరుకు, ఒకటే మోతాదు ఉండాలి.

అర్థమైందా? దోచుకోవడానికి కూడా వాళ్ళకి మన మిరపకాయ అక్కర్లేకపోయింది. ఆ వందల డాలర్లు ఘాటుకి కాదు. జిగురుకి, ద్రావకానికి, మోతాదు తేల్చిన పరీక్షలకి, కాగితాలకి, కొంత లాభాపేక్షకి. వీటిలో ఏదీ మన యార్డులో పండదు. కానీ వీటిలో మనకి చేతకానిది కూడా ఏదీ లేదు. అమెరికా జనం మింగే బిళ్ళల్లో బోలెడన్ని హైదరాబాద్ చుట్టుపక్కల తయారైనవే. కంపెనీలున్నాయి, ఫార్మసీ కాలేజీలు వీధికొకటి ఉన్నాయి, లాంలో మిరప మీద దశాబ్దాలుగా పనిచేస్తున్న పరిశోధన కేంద్రం ఉంది, షుగరు పాదాలు ఉన్నాయి. ఇన్ని ఉన్న చోట మా నాన్న కోసం గుంటూరులో నేను మూడు మందుల షాపుల్లో అడిగితే ఆ పట్టీ పేరు కూడా వినలేదన్నారు. 0.075 శాతం క్రీము చేతిలో పెట్టారు. రోజుకి మూడు నాలుగుసార్లు వారాల తరబడి రాయాలి. ఆ తక్కువ మోతాదు క్రీముల గురించి కోక్రేన్ సమీక్ష 2012లో తేల్చింది ఏంటంటే, వాటివల్ల పెద్దగా ఒరిగేదేమీ కనబడటం లేదని.

మిరపకాయ క్వింటాళ్ళలో అమ్ముతాం, మన పని గంటల్లో అమ్ముతాం. రెండిట్లోనూ సరుకు మనది, తయారైన వస్తువు ఇంకొకళ్ళది. ఆ వస్తువుకి ఎక్కడో బహుమతి వస్తే మాత్రం "మనదే" అని చప్పట్లు కొడతాం. కాప్సైసిన్ వంకతో ఇది మన పరిశ్రమని కూడా తిడుతున్నట్టు అనిపిస్తే... అవును, తిడుతున్నా.

మూడో సంగతి: బ్యాటరీ బాబులు

ఇదంతా ఆఫీసులో చెప్తే మా టీమ్‌లో ఒక మిత్రుడు నవ్వాడు. "పట్టీలు, పూతలు పాత పద్ధతి గురూ. ఇప్పుడంతా బయోఎలక్ట్రానిక్స్" అని ఒక లింకు పంపాడు.

సంగతేంటంటే, వెన్నుపాము దగ్గర సన్నటి తీగలు అమర్చి, నడుము దగ్గర చర్మం కింద బ్యాటరీ డబ్బా పెట్టి, సెకనుకి 10,000 చొప్పున విద్యుత్ స్పందనలు పంపుతారు. నొప్పి కబురు మెదడుకి చేరే దారిలోనే మరుగుపడుతుంది. ఆలోచన కొత్తదేం కాదు. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో నొప్పికి వెన్నుపాములో ఒక గేటు ఉంటుందని ప్రతిపాదించారు. 1967లో షీలీ అనే సర్జన్ మొదటి పరికరం అమర్చాడు. షుగరు నరాల నొప్పికి నెవ్రో కంపెనీ తయారుచేసిన 10 కిలోహెర్ట్జ్ పరికరానికి ఎఫ్‌డీఏ 2021 జులైలో ఆమోదం ఇచ్చింది. అంటే నా నోబెల్ వీరంగానికి మూడు నెలల ముందు.

పరీక్ష ఫలితం చూస్తే కళ్ళు తిరుగుతాయి. 216 మంది రోగులు. మూడు నెలలకి నొప్పి సగమైనా తగ్గి, నరాల పరిస్థితి దిగజారని వాళ్ళు, పరికరం పెట్టిన వాళ్ళలో 79 శాతం. మామూలు మందులతో ఉన్నవాళ్ళలో 5 శాతం. 79కి 5! మా మిత్రుడు ఇదే చూపించి "ఇంకేం కావాలి?" అన్నాడు.

నాకు ఇంకొంచెం కావాలి. మనం టెస్టింగ్ చేసి బతికేవాళ్ళం కదా, ఒకసారి ఆ టెస్ట్ ప్లాన్ చూడండి. మందులతో తగ్గని వాళ్ళనే ఎంచుకున్నారు, వాళ్ళలో సగంమందిని మందులతోనే కొనసాగించారు. కాబట్టి ఆ 5 శాతం వింతేం కాదు. ఎవరికి పరికరం ఉందో రోగికి తెలుసు, డాక్టరుకి తెలుసు. డబ్బు పెట్టింది కంపెనీ. నొప్పిని కొలిచేది రోగి నోటి మాటతో. ఒంట్లో ఆపరేషన్ చేసి ఖరీదైన డబ్బా పెట్టించుకున్నవాడు "తగ్గలేదు" అనడానికి ఎంత మనసు చంపుకోవాలో ఆలోచించండి.

ఇలాంటి పరికరాన్నే నార్వేలో ఇంకోలా పరీక్షించారు, 2022లో జామాలో వచ్చింది. నడుము ఆపరేషన్ అయ్యాక కూడా కాలి నొప్పి పోని 50 మంది. అందరికీ పరికరం పెట్టారు. కొన్ని నెలలు ఆన్ చేశారు, కొన్ని నెలలు ఆపేశారు. ఎప్పుడు ఆన్‌లో ఉందో రోగికి తెలియదు. ఆన్‌కీ ఆఫ్‌కీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు! ఆ జబ్బు వేరు, ఆ స్పందనల తీరు వేరు. కాబట్టి షుగరు పాదాల పరికరం దండగ అని దీన్నిబట్టి చెప్పలేం, నేను చెప్పడం లేదు. అన్ని మందులూ విఫలమైన మనిషికి అదే వరం కావచ్చు. నేను చెప్పేది ఒకటే. స్విచ్ ఆపి చూసే పరీక్ష లేకుండా 79 అన్న అంకె చూసి ఊగిపోకండి.

పట్టీకి కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. సర్పి నొప్పి పరీక్షల్లో వాళ్ళొక తెలివైన పని చేశారు. ఉత్తుత్తి పట్టీలో కూడా 0.04 శాతం కాప్సైసిన్ కలిపారు. ఎందుకంటారా? అస్సలు మండకపోతే రోగికి తనది ఉత్తుత్తిదని తెలిసిపోతుంది కదా! అంత నిజాయితీగా కొలిస్తే తేలిందేంటంటే, ఉత్తుత్తి పట్టీతో పోలిస్తే అదనంగా బాగుపడేది సుమారుగా పదిమందిలో ఒకరు. అంతే. నోబెల్ దాకా వెళ్ళిన శాస్త్రం, పుష్కర కాలం తయారీ, కోట్ల డాలర్లు, ఇన్ని కలిస్తే పదిమందిలో ఒకరు. అది తక్కువేం కాదు, ఆ ఒకరికి రాత్రి నిద్ర పడుతుంది. కానీ "మన మిర్చితో నొప్పి మాయం!" అన్న సందేశంలో ఆ తొమ్మిది మంది ఎక్కడున్నారు?

నాలుగో సంగతి: ఎవరూ ఫార్వర్డ్ చేయని పరిశోధన

2022లో లాన్సెట్‌లో ఆప్షన్-డీఎం అనే పరీక్ష వచ్చింది. బ్రిటన్‌లో షుగరు నరాల నొప్పి ఉన్న 130 మంది. ఎమిట్రిప్టిలీన్, డులాక్సెటీన్, ప్రీగాబలిన్ అనే మూడు పాత మందుల్ని మూడు రకాల వరుసల్లో ఇచ్చారు. ఒకటి చాలకపోతే రెండోది జోడించారు. ఎవరికి ఏ వరుసో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఫలితం? మూడు వరుసల్లోనూ సగటు నొప్పి పదికి 6.6 నుంచి 3.3కి దిగింది. ఏదీ ఇంకోదానికన్నా గొప్ప కాదు. చవకదానితో మొదలుపెట్టినా నష్టం లేదన్నమాట. ఎమిట్రిప్టిలీన్ 1961 నుంచీ అమ్ముతున్న మందు, బిళ్ళ రూపాయల్లోనే. (దాని ఇబ్బందులు దానికున్నాయి. గుండె జబ్బున్నవాళ్ళకీ, పెద్దవాళ్ళకీ డాక్టరు చూసి ఇవ్వాల్సిందే. నా మాట మీద మాత్రం వేసుకోకండి. నా మాట మీద ఏం జరిగిందో చూశారుగా.)

ఈ పరిశోధన మీకెవరైనా వాట్సాప్‌లో పంపారా? నాకూ పంపలేదు. ఎందుకంటే ఇందులో మిరపకాయ లేదు, బ్యాటరీ లేదు, నోబెల్ లేదు, మన కులం ఊరు రాష్ట్రం ఏదీ లేదు. ఉన్నదల్లా రూపాయల బిళ్ళతో నొప్పి సగం తగ్గడం.

ఇంకోటి చెప్తా, ఇది ఇంకా చప్పటిది. 2011లో ఇంగ్లాండ్‌లోని ఇప్స్‌విచ్ ఆస్పత్రి వాళ్ళు ఒక పరీక్ష ప్రచురించారు. పాదంలో స్పర్శ పోయిందో లేదో తెలుసుకోవడానికి. రోగి కళ్ళు మూసుకుని పడుకోవాలి. మనం చూపుడు వేలితో రెండు పాదాల్లోనూ బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలి కొసల్ని ఒక్కొక్కటిగా ఒకటి రెండు సెకన్లు తాకాలి. ఊరికే తాకాలి, నొక్కకూడదు, గీకకూడదు. తాకినప్పుడు చెప్పమనాలి. ఆరింటిలో రెండు లేక అంతకన్నా ఎక్కువ చోట్ల తెలియకపోతే ఆ పాదాలు ప్రమాదంలో ఉన్నట్టు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

పరికరం ఖరీదు సున్నా. ఛార్జింగ్ అక్కర్లేదు :-)

మా నాన్న పన్నెండేళ్ళలో ఎన్నో చోట్ల చూపించుకున్నాడు. రక్తం తీశారు, బిళ్ళలు మార్చారు, అన్నం మానమన్నారు. ఆయన చేత చెప్పులు విప్పించి పాదం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళనని ఏం లాభం, నేనూ చూడలేదు. బీటెక్ చదివా, ఉద్యోగం చేస్తున్నా, ఆయన తడి తువ్వాలు చుట్టుకోవడం నాలుగేళ్ళు చూశా. ఒక్కసారి ఆ పాదం నా చేతిలోకి తీసుకుని చూడలేదు. స్పర్శ పోయిందని నాకు తెలిసుంటే ఆ సందేశం కింద కనీసం ఒక్క లైన్ రాసేవాణ్ణి, "నాన్నా, ఇది నువ్వు చెయ్యొద్దు" అని.

2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10.1 కోట్లు. ఇది చదువుతున్న మీలో చాలామంది ఇళ్ళల్లో ఒకరైనా ఉండి ఉంటారు.

"అయితే పరిశోధనలు ఆపేయాలంటావా?"

ఈ ప్రశ్న ఎలాగూ వస్తుంది కాబట్టి నేనే వేసేసుకుంటున్నా. ఆపమనడం లేదు. 1997లో ఎలుక నరాల్లో ఆ తలుపు వెతికిన వాళ్ళు లేకపోతే నొప్పి గురించి మనకి ఇంత తెలిసేదే కాదు. పరికరాలు కూడా రావాలి, ఇంకా చవకగా, ఇంకా గట్టిగా పరీక్షించి రావాలి. నా గొడవ పరిశోధనతో కాదు, పరిశోధన వార్తని మనం వాడుకునే తీరుతో. మనకది జాతర. గర్వపడటానికో, "ఫ్యూచర్ వచ్చేసింది" అని అబ్బురపడటానికో తప్ప, ఎవరి పాదం, ఎంత ఖర్చు, దేనితో పోల్చి అని అడగం. ఆఫీసులో ఒక లైబ్రరీ కొత్త వెర్షన్ వస్తే రిలీజ్ నోట్స్ చదవకుండా ప్రొడక్షన్‌లో పెడతామా? అలా పెట్టినవాణ్ణి ఏమంటాం? మరి అమ్మానాన్నల ఒంటి మీద ఎందుకు పెడుతున్నాం?

పల్లెలో ఉన్న మనిషికి కొడుకు పంపిన సందేశమంటే వార్త కాదండీ, మందుచీటీ. వాడు చదువుకున్నాడు, పట్నంలో ఉన్నాడు, కంప్యూటర్ల మీద పనిచేస్తాడు, వాడికి తెలియకుండా పంపుతాడా అనుకుంటారు. ఆ నమ్మకం మనకి జీతంతో పాటు ఊరికే వచ్చింది. దాన్ని మనం ఎంత చవగ్గా ఖర్చుపెడుతున్నామో చూసుకోండి.

ఇక ఫార్మా వైపు ఉన్న మిత్రులకి ఒక మాట. మీలో కొందరికి ఇది తప్పకుండా చేరుతుంది. ఈ చేలల్లో కోతకొచ్చే కూలీకి కూడా తెలుసు కారం నీళ్ళకి పోదని, నూనెకే పోతుందని. ఆ తెలివిని పట్టీ దాకా తీసుకెళ్ళే పని మీ చేతుల్లో ఉంది. జిల్లా ఆస్పత్రిలో నర్సు వేయగలిగే ధరలో, మన షుగరు పాదాల మీద మన దగ్గరే పరీక్షించి. నోబెల్ రాదు. వార్త కూడా రాదు. కానీ వసారాలో తడి తువ్వాలు చుట్టుకుని కూర్చున్న పదిమందిలో ఒకరు లేచి లోపలికెళ్ళి పడుకుంటారు.

నాన్న ఇప్పుడు బానే ఉన్నాడు. డాక్టరు రాసిన పాత మందులతో మంట సగానికి సగం తగ్గింది. పొలానికి బూట్లేసుకుని వెళ్తున్నాడు, ఊళ్ళో అందరూ "పోలీసోడివా" అని నవ్వుతున్నా సరే. నేను ఇంటికెళ్ళిన ప్రతిసారీ ఆ ఆరు వేళ్ళూ తాకి చూస్తున్నా. మొదటిసారి కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు, "నువ్వు నా కాళ్ళు పట్టుకోవడం ఏందిరా, ఛీ" అని. ఇప్పుడు అలవాటైంది. కళ్ళు మూసుకుని చెప్తాడు. బొటనవేళ్ళు రెండూ తెలుస్తాయి. నడిమి వేళ్ళు ఒక్కోసారి. ఎడమ చిటికెన వేలు, ఆ మచ్చ ఉన్నది, తెలియదు.

ఈసారి ఊరెళ్ళినప్పుడు మీరూ చేసి చూడండి. నన్ను తిట్టాలనుంటే ఆ తర్వాత వచ్చి తిట్టండి.